ఆ ముప్పై సెకన్లు

“మూడు సూదులు వేయించాం డాక్టరుగారూ, గేదె చూడి కట్టలేదు” అని రైతు వచ్చి నిలబడితే మేమూ గేదెనే అనుమానిస్తాం. గర్భసంచి చూస్తాం, ఖనిజ మిశ్రమం రాసిస్తాం. ఆ సూదిలో వేసిన గడ్డకట్టిన వీర్యపు గొట్టాన్ని, అంటే స్ట్రాను, ఏ నీళ్లలో కరిగించారని అడిగేవాళ్లు మాలోనూ తక్కువే.

ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉన్నన్నాళ్లూ వీర్యకణానికి ఢోకా లేదు, ఏళ్లు గడిచినా సరే. దెబ్బంతా ఆ చలిలోకి దిగేటప్పుడు, మళ్లీ పైకొచ్చేటప్పుడు. చల్లబడుతుంటే కణం మీది కొవ్వు పొర బిగుసుకుంటుంది. చుట్టూ ఉన్న నీరు ముందు గడ్డకట్టి, మిగిలిన ద్రవంలో లవణాలు చిక్కబడి కణంలోని నీటిని లాగేస్తాయి. మరీ వేగంగా చల్లబరిస్తే ఆ నీరు బయటపడే వ్యవధి లేక లోపలే మంచు పలుకులు కడుతుంది. 1949లో ఇంగ్లండులో క్రిస్ పోల్జ్ బృందం కోడిపుంజు వీర్యంతో తంటాలు పడుతూ గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే గ్లిసరాల్ మహిమ కనిపెట్టింది, అదీ సీసా లేబుల్ తారుమారైన పుణ్యాన! గ్లిసరాల్, గుడ్డు పచ్చసొన కలిపినా సగం కణాల దాకా పోతాయి. అందుకే పావు మిల్లీలీటరు స్ట్రాలో 2 కోట్ల కణాలు నింపుతారు. దున్నపోతు కణాలైతే ఆబోతు కణాలకన్నా సుకుమారం.

కరిగించిన చుక్కకు రంగువేసి మైక్రోస్కోపులో చూడాలి. బాగున్న కణం తలమీద నున్నటి టోపీ తొడిగినట్టుంటుంది. అదే ఆక్రోసోమ్, అండం పొరను దాటించే ఎంజైములు అందులోనే. దెబ్బతిన్నదాంట్లో ఆ అంచు ఉబ్బి, ముడతపడి, ఒక్కోసారి ఊడిపోయి ఉంటుంది. తోక మెలి తిరుగుతుంది. చిత్రమేమంటే, ఆక్రోసోమ్ చెడిన కణం కూడా చురుగ్గానే ఈదవచ్చు. కదలిక శాతం చూసి సంబరపడేవాళ్లతో నాకు పేచీ అక్కడే.

స్ట్రా సరిగా కరగడానికి కావలసింది 37 డిగ్రీల నీళ్లు, 30 సెకన్లు. నిదానంగా కరిగితే సన్నపలుకులు కలిసి పెద్దవై పొరను దెబ్బతీస్తాయి. కొందరు వేలు ముంచి వేడి అంచనా వేస్తారు. చొక్కా జేబులో కరిగించేవాళ్లనూ చూశాను. ఇంకొకరు ఒక్క స్ట్రా కోసం స్ట్రాలన్నీ ఉన్న గోబ్లెట్‌ను కంటైనర్ మూతి పైకెత్తి, ఆబోతు నంబరు చదువుతూ నిలబడతారు. మిగతా స్ట్రాలు చెడడానికి అది చాలు. మళ్లీ నత్రజనిలో దించినా జరిగిన నష్టం పూడదు.

ఊళ్లలో ఈ సూదులు వేసే గోపాలమిత్రలను తప్పుపట్టను. ఎండలో బండి మీద ఊరూరా తిరిగే మనిషి చేతికి థర్మామీటరు ఇవ్వకుండా చూడి లెక్కలు అడిగేది మనమే. శిక్షణలో ఉపన్యాసం ఒకటి తగ్గించి, జేబులో కరిగిన స్ట్రాదీ, 37 డిగ్రీల్లో కరిగినదీ రెండు స్లైడులు పక్కపక్కన పెట్టి చూపించమని నేను అడుగుతున్నాను.