గుత్తి వంకాయకు ‘ఇర్రెసిస్టిబుల్’ ఎందుకు?

ఈ వారం హైదరాబాద్‌లో ఓ హోటల్ మెనూ కార్డు ఈ కాలమిస్టుకు చిరాకు తెప్పించింది. గుత్తి వంకాయ కూర పక్కన ‘మౌత్‌వాటరింగ్’, ‘ఇర్రెసిస్టిబుల్’, ‘డివైన్’ అని మూడు ఇంగ్లిషు మాటలు వరసగా అచ్చయ్యాయి. నువ్వులు వేయించారో, వేరుశెనగపప్పు వేశారో, ఎండుకొబ్బరి పడిందో లేదో మాత్రం ఎక్కడా లేదు. వంకాయలో ఏం కూరారో చెప్పకుండా వంకాయను పొగడటమేమిటి?

ఆత్రేయపురం పూతరేకులు, బందరు లడ్డు, తాపేశ్వరం కాజా, మాడుగుల హల్వా. ఊరి పేరు చెబితే చాలు, పొగడ్త అక్కర్లేదు. ఈ శీర్షికను ఏళ్లుగా చదువుతున్నవాళ్లకు ఈ వాదన కంఠతా వచ్చే ఉంటుంది.

దానికి అమెరికాలో గట్టి సాక్ష్యమే దొరుకుతుంది. స్టాన్‌ఫర్డ్ భాషాశాస్త్రవేత్త డాన్ జురాఫ్‌స్కీ, మరికొందరు పరిశోధకులు కలిసి 6,500 మెనూలను, వాటిలోని 6,50,000 వంటకాల వివరాలను, ధరలను కంప్యూటర్‌తో జల్లెడ పట్టారు. 2014లో వచ్చిన ఆయన పుస్తకం ‘ద లాంగ్వేజ్ ఆఫ్ ఫుడ్’లో ఆ లెక్కలున్నాయి. ‘డెలీషియస్’, ‘టేస్టీ’ లాంటి మాట తగిలించిన వంటకం ధర సగటున 9 శాతం తక్కువ. ఖరీదైన హోటల్ తన వంట బాగుంటుందని చెప్పుకోదు. అంత డబ్బు పెట్టి వచ్చినవాడికి ఆ హామీ ఇవ్వడమే అనుమానానికి తావిచ్చినట్టు. అక్కడ చెప్పేదల్లా సరుకు ఏ పొలానిది, ఏ తోటది అన్న సంగతే. ఆ ప్రస్తావన చవక హోటళ్ల మెనూల్లో కంటే 15 రెట్లు ఎక్కువగా కనిపించింది.

ఊరి పేరుదే గెలుపు అనుకోవచ్చు. కానీ ఓ చేప అడ్డం వస్తుంది.

దక్షిణ సముద్రాల లోతుల్లో, గడ్డకట్టించే చలి నీళ్లలో బతికే ఆ చేప పేరు పటగోనియన్ టూత్‌ఫిష్. పెద్ద నోరు, కోరపళ్లు. మాంసం మాత్రం తెల్లగా, కొవ్వు పట్టి మెత్తగా ఉంటుంది. కాస్త ఎక్కువసేపు పొయ్యి మీద ఉన్నా పిడచకట్టదు. 1977లో లీ లాంట్జ్ అనే అమెరికన్ చేపల వ్యాపారి చిలీలో దాన్ని చూశాడు. పళ్ల చేప అంటే తన దేశంలో ఎవరు కొంటారు? అందుకే ‘చిలియన్ సీ బాస్’ అని పేరు పెట్టాడు. బాస్ జాతికీ దానికీ చుట్టరికం లేదు. తరవాత్తరవాత వచ్చిన చేపల్లో చాలావాటికి చిలీతోనూ సంబంధం లేదు. అయినా 1994లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఆ పేరుతో అమ్ముకోవచ్చంది. పెద్ద పెద్ద హోటళ్లు ఎగబడ్డాయి. గిరాకీ పెరిగిన కొద్దీ దొంగవేట పెరిగింది. ఏళ్ల తరబడి బతికి, నిదానంగా ఎదిగే చేప అది. ఆ వేటకు తట్టుకోలేకపోయింది. చివరికి 2002లో దాన్ని వడ్డించబోమని అమెరికాలో షెఫ్‌లే ప్రతిజ్ఞ చేయాల్సి వచ్చింది.

ఆ పేరులో ‘టేస్టీ’ లేదు, ‘డివైన్’ లేదు. ఉన్నది ఒక దేశం పేరు. అంత నష్టం చేసింది అదే.

మరి పొగడ్త మాటలు? వాటివైపు నుంచీ ఒక సాక్ష్యం ఉంది. 2016లో స్టాన్‌ఫర్డ్ క్యాంటీన్‌లో బ్రాడ్లీ టర్న్‌వాల్డ్, అలియా క్రమ్ బృందం రోజుకో కూరగాయ వంటకానికి పేరు మార్చి మార్చి పెట్టింది. ఒకరోజు ఉత్త ‘క్యారెట్లు’, ఒకరోజు ఆరోగ్యం గురించి చెప్పే పేరు, ఇంకోరోజు ‘ట్విస్టెడ్ సిట్రస్ గ్లేజ్డ్ క్యారెట్లు’. వంట మారలేదు. ఊరించే పేరు పెట్టినప్పుడు ఆ కూర వడ్డించుకున్నవాళ్లు ఉత్త పేరు రోజుకంటే 25 శాతం ఎక్కువ. ‘చక్కెర కలపలేదు’ తరహా పేరుతో పోలిస్తే 41 శాతం ఎక్కువ. ఇన్నాళ్లూ చిప్స్‌కూ ఐస్‌క్రీమ్‌కూ కట్టబెట్టిన మాటలను బీట్‌రూట్‌కూ బీన్స్‌కూ ఇస్తే క్యాంటీన్‌కు వచ్చినవాళ్లు కూర వడ్డించుకున్నారు. అలాంటి మాటలను మెనూల్లోంచి గెంటెయ్యమనడానికి ఇక నోరు రాదు.

అయితే ఆ పేర్లు ‘డివైన్’ లాంటివి కావు. నిమ్మజాతి పులుపు, పాకం మెరుపు, పెనం మీది చిటపట, కరకరలాడే ఉల్లి: కూరలో ఉన్నదేమిటో చెప్పే మాటలవి. 2019లో ఇదే బృందం 5 విశ్వవిద్యాలయాల భోజనశాలల్లో మళ్లీ పరీక్షించినప్పుడు మరో సంగతి తేలింది. కూర నిజంగా రుచిగా వండిన చోటే ఊరించే పేరు బాగా పనిచేసింది.

మన విద్యార్థుల వసతిగృహాల మెనూ పట్టికల్లో ‘కూరగాయల కూర’ అని రాసి ఊరుకుంటారు. ఏ కూరగాయో కూడా ఉండదు. ‘కొబ్బరికారం వేసి వేయించిన దొండకాయ’ అనో, ‘నువ్వులపొడి చల్లిన బీరకాయ’ అనో రాస్తే పట్టికకయ్యే ఖర్చేమీ లేదు. రాసినట్టు వండాలంటే మాత్రం వంటవాళ్లకిచ్చే సరుకుల జాబితాలో కొబ్బరి, నువ్వులు చేరాలి. ఆ డబ్బు మంజూరు కావాలి.