తల్లి ఇంటిపేరు

2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది. ఊరి పేరు మార్చడానికి ఢిల్లీ నుంచి ఒక ప్రకటన చాలింది. అండమాన్‌లోని ఈ ఊరికి, చుట్టూ ఉన్న దీవులకి మలేరియా మోసే దోమ పేరు తేల్చడం మాత్రం అంత తేలికగా కాలేదు.

ఆ దోమని చాలాకాలం అనాఫిలిస్ సుండైకస్ అన్నారు. ఉప్పు కలిసిన నీటి మడుగుల్లో పెరుగుతుంది. 2004 సునామీకి సముద్రం పొలాల్లోకి చొచ్చుకొచ్చి అలాంటి మడుగులు మిగిల్చింది కాబట్టి అప్పుడు దీనిమీద అందరి కన్నూ పడింది. చిక్కేమిటంటే, సుండైకస్ ఒక దోమ కాదు, సూక్ష్మదర్శినికి కూడా తేడా చిక్కని అక్కచెల్లెళ్ల గుంపు. ఏ చెల్లెలు ఎక్కడ గుడ్లు పెడుతుందో, ఎవరిని కుడుతుందో తెలియకుండా మందు చల్లడం డబ్బు నీళ్లలో పోయడమే.

2003లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో పాల్ హెబర్ట్ ఒక దారి చూపించాడు. పురుగు కాలొకటి తుంచి, డీఎన్‌ఏ తీసి, మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో 658 అక్షరాల ముక్కని పీసీఆర్‌తో పెంచి చదవాలి. అదే బార్‌కోడ్. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. మనకి ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వచ్చినట్టు, పురుగుకి ఇది తల్లి వైపు ఇంటిపేరు.

ఈ జన్యువునే ఎందుకు ఎంచుకున్నారన్నదాంట్లోనే అసలు అందం ఉంది. కణం ఊపిరి తీసుకునే యంత్రంలో ఇదొక కీలక భాగం. ఎగరడానికి వాడే కండరాలకి విపరీతమైన శక్తి కావాలి, కాబట్టి ఇందులో పెద్ద తప్పు దొర్లిన పురుగు సంతానం కనేదాకా బతకదు. అయితే జన్యువుని మూడేసి అక్షరాలుగా చదువుతారు. జీ, జీ తర్వాత ఏ అక్షరం వచ్చినా తయారయ్యేది గ్లైసీనే. అలాంటి మూడో అక్షరాన్ని ప్రకృతి పెద్దగా పట్టించుకోదు. మార్పులు అక్కడే పోగుపడతాయి. ఆండ్రూ బ్రవర్ 1994లో కట్టిన లెక్క ప్రకారం విడిపోయిన రెండు వంశాల మధ్య పది లక్షల ఏళ్లకి 2.3 శాతం తేడా వస్తుంది. 658 అక్షరాల్లో సుమారు పదిహేను. దీన్ని గడియారం అంటారు గానీ, అన్ని పురుగుల్లోనూ ఒకే వేగంతో నడవదు. పైగా కీటకాల మైటోకాండ్రియాకి ఏ, టీ అక్షరాల మీద మోజెక్కువ. మారిన అక్షరమే మళ్లీ మళ్లీ మారి పాత ఆనవాళ్లు చెరిగిపోతాయి. నిన్నమొన్న విడిపోయిన వంశాల గుట్టు చెప్పినంత బాగా కోట్ల ఏళ్ల నాటి సంగతి ఈ జన్యువు చెప్పలేదు.

మోసాలూ ఉన్నాయి. మైటోకాండ్రియా ముక్కలు కొన్ని ఎప్పుడో కణకేంద్రకంలోకి జారిపడి, పనిలేక పాడైపోయి ఉంటాయి. మిడతల్లో ఈ బెడద ఎక్కువ. చదివిన అక్షరాల వరుస నడుమ ఆగమనే సంకేతం కనిపిస్తే చదివింది అసలు జన్యువు కాదని అర్థం. కేంద్రకపు నకలుని నమ్మితే లేని జాతులు పుట్టుకొస్తాయి.

అంతకంటే గడుసుది వోల్బాకియా అనే బ్యాక్టీరియా. అది కూడా తల్లి గుడ్డులోంచే పిల్లలకి చేరుతుంది. సమోవా దీవుల్లో హైపోలిమ్నాస్ బొలీనా సీతాకోకచిలుకల మగపిల్లల్ని పిండదశలోనే చంపేసి, 2001 నాటికి మగవాటిని నూటికి ఒకటికి తెచ్చింది. తర్వాత అయిదేళ్లలోనే సీతాకోకచిలుకలు దాన్ని తట్టుకోవడం నేర్చాయి. ఇలాంటి బ్యాక్టీరియా ఒక జాతంతా పాకితే, దాన్ని మోసిన తల్లుల మైటోకాండ్రియా కూడా వెంట పాకుతుంది. అప్పుడు బార్‌కోడ్ చెప్పేది సీతాకోకచిలుక చరిత్రా, సూక్ష్మజీవి చరిత్రా?

అందుకే సుండైకస్ విషయంలో సీఓఐ ఒక్కదాన్నే నమ్మలేదు. ఖండపు దోమలూ దీవుల దోమలూ వేరని 2004లో తేల్చినవారు మరో మైటోకాండ్రియా జన్యువునీ, కేంద్రకంలోని ముక్కనీ కలిపి చదివారు. మరుసటి ఏడు ఆగ్నేయాసియా ఖండపు దోమకి అనాఫిలిస్ ఎపిరోటికస్ అని పేరు పెట్టారు. అండమాన్ నికోబార్ దోమని క్రోమోజోములు చూసి 'డి' అన్నారు.

బార్‌కోడ్‌ని నేను సాక్షిగానే ఒప్పుకుంటాను, న్యాయమూర్తిగా కాదు. కాలు ప్రయోగశాలకి పంపినా, మిగతా ఒళ్లు సూదికి గుచ్చి, దొరికిన చోటు, తేదీ రాసి, 1977 నుంచి ఈ ఊళ్లో ఉన్న జూలాజికల్ సర్వే కేంద్రం లాంటి చోట భద్రపరచాలి. పురుగు దగ్గర లేని వరుసని తర్వాత ఎవరూ సరిచూడలేరు.