‘అండి’ ఎవరికి దక్కింది?

గోదావరి జిల్లాలవాళ్లు మర్యాదస్తులనీ, మాట మెత్తననీ, వచ్చినవాడికి అన్నం పెట్టందే పంపరనీ కథల్లో, సినిమాల్లో, వ్యాసాల్లో వినీ వినీ మాకు విసుగు పుట్టింది. నీళ్లూ పంటలూ ఉన్నచోట మనసు కూడా మెత్తబడుతుందట. పరిసరాలే మనిషిని తయారు చేస్తాయన్న ఈ వాదాన్ని మేము సగమే ఒప్పుకుంటాం.

ఆ నీళ్లు వాటంతటవి రాలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారాకే ఈ నేల ఇంత పచ్చబడింది. అంతకుముందు ఇక్కడా వరదలున్నాయి, కరువులున్నాయి. కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలు పెట్టారు, పెట్టనీండి. మట్టి తట్ట మోసిన కులాలకి మాత్రం ఆ కాలవ కింద చెక్క భూమి దక్కడం అరుదు. నీరు భూమిని బట్టి పారింది, భూమి కులాన్ని బట్టి ఉంది. ఒకే గట్టున పెరిగిన ఇద్దరికి రెండు రకాల నడవడి అబ్బింది అందుకే.

‘అండి’ సంగతే చూడండి. పేటలో డెబ్బయ్యేళ్ల ముసలాయన కామందుగారి మనవణ్ణి “ఆయ్, చిత్తమండి” అంటాడు. ఆ కుర్రాడు ఆయన్ని “ఒరే” అంటాడు. గోదావరి గాలి ఇద్దరూ పీల్చినదే కదా! కూలికీ, కౌలుకీ, అప్పుకీ ఆ గడప తొక్కక తప్పనివాడి మెత్తదనం మర్యాద కాదు, బతుకుతెరువు. రెంటినీ కలిపేసి ‘ప్రాంతీయ సంస్కృతి’ అనడం అగ్రవర్ణ విమర్శకి బాగా అలవాటు.

మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో పాలేరు కుర్రాడు చదువుకుని పెద్ద అధికారి అవుతాడు. అదే నేల, అదే నీరు. బడి ఒక్కటి కొత్తగా చేరింది, మనిషి నిలబడే తీరు మారింది. మేము పరిసరాలు అనేది దీన్ని. అయితే అతను ఖాళీ చేసిన గొడ్లచావిట్లోకి మరో పిల్లాడు రాడా? ఈ ప్రశ్నని నాటకం గట్టిగా పట్టుకోలేదని మా అభిప్రాయం.

2017లో పశ్చిమ గోదావరి గరగపర్రులో మిగతా నాయకుల విగ్రహాల పక్కన అంబేద్కర్ విగ్రహం పెట్టాక దళితుల్ని వెలేశారు. పనుల్లోకి పిలవలేదు, కౌళ్లు ఆపేశారు. 2022 మే 24న అమలాపురంలో, కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు వద్దంటూ మంత్రి ఇంటికీ శాసనసభ్యుడి ఇంటికీ నిప్పు పెట్టారు. కాలవలు నిండుగా పారే నేలే ఇది.

పేటల్లో ఇప్పుడు చదువుకున్న పిల్లలున్నారు, కువైట్ వెళ్లి సంపాదించుకొచ్చిన ఆడవాళ్లున్నారు. వాళ్ల కూడు కామందు చేతిలో లేదు. ‘అండి’ని వాళ్లు మనిషిని చూసి వాడుతున్నారు. ఊళ్లో దీన్ని పొగరంటున్నారు.