బయలుదేరే మాటలు: ఇంగ్లీషు, తెలుగు

జహీరాబాదు నుంచి ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుని జాతరకు వెళ్లే మనిషి ఇంట్లోవాళ్లతో 'పోతున్న' అని ఊరుకోడు, 'పోయొస్త' అంటాడు. సరిహద్దుకు అవతల కన్నడంలోనూ 'హోగి బర్తీని' అనే అంటారు. తిరిగి రావడం చెప్పకుండా పోవడం మాత్రమే చెప్పడం మనకు అశుభం. 'ఐ యామ్ లీవింగ్' అని అనువదిస్తే ఆ రావడం కాస్తా మాయమవుతుంది. 'సీ యూ సూన్' కొంత దగ్గరే, కానీ అందులో ప్రయాణం లేదు. అనువాదాన్ని విమర్శించేటప్పుడు ముందుగా చూడవలసింది ఇలాంటి నష్టాలనే.

ఇంగ్లీషు క్రియలను గమనించండి. 'లీవ్ హైదరాబాద్' అంటే హైదరాబాదును విడిచిపోవడం; మధ్యలో 'ఫర్' చేరిస్తే హైదరాబాదుకు బయలుదేరడం. చిన్న మాటతో దిక్కే మారిపోతుంది. జవాబు పత్రాల్లో నేను తరచూ చూసిన తప్పు ఇది. 'సెట్ ఆఫ్' కదిలిన క్షణాన్ని ఎక్కువగా సూచిస్తుంది. 'సెట్ ఔట్'లో దూరప్రయాణం, ఒక ఉద్దేశం ధ్వనిస్తాయి. ఇది కఠిన నియమం కాదు, వాడుక. ఇక 'హిట్ ద రోడ్'ను మాటకు మాట తెలుగు చేస్తే రోడ్డును కొట్టవలసి వస్తుంది!

వీటన్నిటికీ మన అనువాదకులు 'బయలుదేరు' ఒక్కటే వాడతారు. అది మంచి మాటే. ఇంట్లోంచి ఆరుబయటికి రావడమనే చిత్రం అందులో ఉంది. అయితే తెలంగాణలో 'పొద్దుగాల ఎల్లినం' అంటారు కదా, 'సెట్ ఆఫ్'కు అంతకన్నా దగ్గరి మాట నాకు కనిపించలేదు. మాండలికమని దాన్ని దూరం పెట్టడం అన్యాయం. ఉర్దూలో మనుషులు కూడా 'రవానా' అవుతారు; తెలుగులో ఆ మాట ఎక్కువగా సరుకులకే మిగిలింది.

ఈ తేడాలు ఎందుకు ముఖ్యమో ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' చూస్తే తెలుస్తుంది. ఆయన 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, హైదరాబాదు మీదుగా ఉత్తరాదికి సాగి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని జనం అనుకునే కాలం. చెన్నపట్నంలో ఇల్లు విడవడం ఒక బయలుదేరడం. ఆపైన మజిలీ మజిలీకీ మళ్లీ బయలుదేరడమే. మొదటిదానికి 'సెట్ ఔట్', రోజువారీ కదలికకు 'సెట్ ఆఫ్' తగినవి. అన్నిచోట్లా 'లెఫ్ట్' అని సరిపెడితే ఆ మొదటి అడుగులోని భయం పాఠకుడికి అందదు.

అభ్యాసం: 'జాతరకు ఎల్తున్నం, పోయొస్తం అవ్వా' అనే వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చండి. ఏది నిలిచిందో, ఏది పోయిందో నాలుగు వాక్యాల్లో రాయండి.