ఇన్‌బాక్స్‌కు ముందు జరిగే తీర్పు

హోస్టింగ్ సర్వరు, అంటే ఒక డొమైన్ పేరు మీద వెబ్‌సైటుతో పాటు మెయిల్ ఖాతాలను కూడా నడిపే అద్దె కంప్యూటరు, తనకు అందిన ప్రతి సందేశాన్నీ ఇన్‌బాక్స్‌లో పెట్టే ముందు దానిపై కొన్ని తీర్పులు ఇస్తుంది. వాటిలో కొన్ని సర్వరు యజమానివి, మరికొన్ని ఖాతాదారు ఎప్పుడో తీరిక వేళ రాసి మరచిపోయినవి. ఒక సర్వరు మరొక సర్వరుకు మెయిల్ అప్పగించే పద్ధతిని ఎస్‌ఎంటీపీ అంటారు. దాన్ని 1982లో జాన్ పోస్టెల్ ఆర్‌ఎఫ్‌సీ 821 అనే పత్రంలో నిర్దేశించాడు. ఈ పద్ధతిలో సందేశాన్ని పూర్తిగా అందుకున్న సర్వరు 250 అనే సంఖ్యతో బదులిచ్చిందంటే, ఆ క్షణం నుంచి దాన్ని గమ్యానికి చేర్చడమో, చేర్చలేకపోతే ఆ సంగతి పంపినవారికి తెలపడమో దాని బాధ్యత అవుతుంది. ఆ తీర్పులను అమలుచేసే ఫిల్టర్లూ, సందేశాన్ని వేరే చిరునామాకు మళ్లించే ఫార్వర్డ్‌లూ ఈ బాధ్యతకు లోబడే పనిచేయాలి, గాని వాటిని అమర్చే తెర మీద ఆ మాట ఎక్కడా కనిపించదు.

ఫిల్టరు నిర్మాణం సులువైనదే: ఒక షరతు, అది నెరవేరితే ఒక చర్య. సీప్యానెల్ వంటి నిర్వహణ తెర మీద ఖాతాదారు ఎంచుకున్న షరతులు, ఫిలిప్ హేజెల్ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో 1995లో మొదలుపెట్టిన ఎగ్జిమ్ అనే మెయిల్ ప్రోగ్రాము చదివే నియమాలుగా మారతాయి. డవ్‌కాట్ అనే ప్రోగ్రాము నడిచే అనేక సర్వర్లలో ఈ పని సీవ్ అనే చిన్న భాషది. టిమ్ షోవాల్టర్ రాసిన ప్రమాణపత్రంతో 2001లో వెలువడి, 2008లో ఆర్‌ఎఫ్‌సీ 5228గా సవరించబడిన ఈ భాష విశేషమంతా అది చేయలేని పనుల్లోనే ఉంది: మూల ప్రమాణంలో చలరాశులు లేవు, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూప్‌లు లేవు, సర్వరులోని ఇతర ప్రోగ్రాములను పిలిచే వీలు లేదు. అంతకుముందు విరివిగా వాడిన ప్రాక్‌మెయిల్ ఎంత శక్తిమంతమైనదంటే, ఒక నియమంతో సర్వరులోని ఏ ప్రోగ్రామునైనా నడిపించవచ్చు. ఒకే యంత్రాన్ని అనేకమంది పంచుకునే చోట అది ఎవరికీ నిద్ర పట్టనివ్వని స్వేచ్ఛ.

సీవ్‌లో అన్నిటికంటే వివేకవంతమైన ఏర్పాటు వేరే ఉంది. ఏ షరతూ వర్తించకపోయినా, నియమాల్ని నడిపేటప్పుడు లోపం ఎదురైనా, సందేశం ఇన్‌బాక్స్‌లోనే ఉంటుంది. దాన్ని పారవేయాలంటే ఆ మాట స్పష్టంగా రాయాలి. అయితే వేరే చిరునామాకు మళ్లించమని రాసిన నియమం ఈ రక్షణను రద్దు చేస్తుంది. ఒక ప్రతి ఇక్కడ కూడా ఉండాలని విడిగా కోరకపోతే మూలం మిగలదు, అవతలి సర్వరు ఆ సందేశాన్ని తిరస్కరిస్తే ఖాతాదారుకు రెండు చోట్లా ఏమీ దొరకదు.

పారవేయడం అనే చర్యను ఎంచుకునేవారు దాని మౌనాన్ని లెక్కలోకి తీసుకోవాలి. సర్వరు 250 అనకముందే 550 అని తిరస్కరిస్తే, పొరపాటున ఆగిన నిజమైన ఉత్తరం సంగతి పంపినవారికి తెలుస్తుంది. స్వీకరించాక నిశ్శబ్దంగా చెరిపేస్తే ఎవరికీ తెలియదు. స్వీకరించాక తిప్పి పంపడం మరీ చెడ్డది: స్పామ్‌లో పంపినవారి చిరునామా తరచు దొంగదే కాబట్టి, ఆ తిరుగు టపా సంబంధం లేని వ్యక్తి మీద పడుతుంది. అనుమానం ఉన్నదాన్ని వేరే ఫోల్డరులో పెట్టడమే మేలు.

తెలుగులో మెయిల్ రాసుకునేవారికి ఇంకో చిక్కు ఉంది. సబ్జెక్టు వరుసలోని తెలుగు అక్షరాలు సాధారణంగా 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2047 ప్రకారం రోమన్ అక్షరాలు, అంకెల సంకేతంగా మారి ప్రయాణిస్తాయి. సీవ్ ఆ సంకేతాన్ని విప్పి పోల్చుతుంది. ప్రాక్‌మెయిల్ విప్పదు, కనుక అక్కడ తెలుగు మాటతో రాసిన నియమం ఏనాడూ పలకదు. విప్పిన చోట కూడా తెలుగు వ్యాకరణం అడ్డు వస్తుంది: ‘పుస్తకం’ అని వెతికే నియమానికి ‘పుస్తకాలు’, ‘పుస్తకానికి’ దొరకవు, సున్నా తీసేసి ‘పుస్తక’ అని రాస్తే మూడూ దొరుకుతాయి.

ఫార్వర్డ్ ఇంతకంటే జటిలం, ఎందుకంటే అందుకునే సర్వరు ఆ క్షణంలో పంపే సర్వరుగా మారుతుంది. ఒక బ్యాంకు పంపిన మెయిల్‌ను హోస్టింగ్ సర్వరు జీమెయిల్ ఖాతాకు మళ్లించిందనుకుంటే, కవరు మీద, అంటే సర్వర్లు తమలో తాము చెప్పుకునే చిరునామాలో, బ్యాంకు పేరే ఉంటుంది గాని తెచ్చిన సర్వరు బ్యాంకుది కాదు. తన పేరుతో మెయిల్ పంపే హక్కు ఏయే సర్వర్లకు ఉందో డొమైన్ యజమాని ప్రకటించే ఎస్‌పీఎఫ్ జాబితాతో పోల్చిన జీమెయిల్‌కు ఇది మోసంలా కనిపిస్తుంది. దీనికి విరుగుడైన ఎస్‌ఆర్‌ఎస్ పద్ధతి కవరు మీది పేరును మళ్లించే సర్వరు డొమైన్‌లోకి మార్చుతుంది, గాని చదివేవారికి కనిపించే ‘ఫ్రమ్’ వరుసతో ఆ పేరు కలవదు. అప్పుడు భారమంతా డీకిమ్ మీద, అంటే సందేశానికి పంపినవారి సర్వరు చేసిన గణిత సంతకం మీద పడుతుంది. ఆ సంతకం సాధారణంగా సబ్జెక్టును కూడా కప్పుతుంది. స్పామ్ ఫిల్టరు మంచి ఉద్దేశంతోనే అక్కడ ‘స్పామ్’ అనే మాట చేర్చిందంటే సంతకం చెల్లదు. వచ్చినదంతా వడకట్టకుండా మళ్లిస్తే స్పామ్ కూడా హోస్టింగ్ సర్వరు పేరు మీదే వెళ్తుంది, దాని పరువు పోతే అదే యంత్రాన్ని పంచుకునే ఇతర ఖాతాల మెయిళ్లకూ చిక్కే. ఫార్వర్డ్‌కు బదులు రెండు ఖాతాలనూ ఒకే మెయిల్ యాప్‌లో పెట్టుకోవడం నిరాడంబరమైనదే అయినా ఎక్కువ నమ్మదగిన మార్గం.

ఖాతాలోకి చొరబడినవారు ఫార్వర్డ్ నియమాన్ని గుట్టుగా చేర్చుతున్నారని అమెరికా ఎఫ్‌బీఐ 2020లో హెచ్చరించింది. నియమం సర్వరులో ఉంటుంది, దానికి పాస్‌వర్డుతో పని లేదు. పాస్‌వర్డు మార్చినా ప్రతులు వెళ్తూనే ఉంటాయి. అందువల్ల పాస్‌వర్డు మార్చిన రోజే ఖాతాలోని ఫిల్టర్లను, మెయిల్ యాప్‌లో కనిపించని డొమైన్ స్థాయి ఫార్వర్డ్‌ల జాబితాను కూడా తెరిచి, ఎవరు రాశారో చెప్పలేని ప్రతి వరుసనూ తీసివేయాలి.