తిప్పి చూపించు

రాత్రి పదకొండు దాటాక ఫోను మోగిందంటే అది మా మేనకోడలే. డాలస్‌లో అప్పటికి మధ్యాహ్న భోజనాల వేళ. వచ్చే నెలలో దాని స్నేహితురాలి పెళ్లి. మంచం మీద మూడు చీరలు, ఒక లెహంగా పరిచి, పక్కనే నగలన్నీ కుప్ప పోసి కెమెరా అటు తిప్పింది.

"అత్తా, ఈ హారం ఆ చిలకపచ్చ చీర మీదికి బాగుంటుందా?"

కెంపులు, పచ్చలు, మధ్యలో ఒక నెమలి, అంచున గుట్టపూసలు. చూడ్డానికి బాగానే ఉంది.

"ఏదీ, ఒకసారి తిప్పి చూపించు."

"చీరనా?"

"చీరని కాదే, హారాన్ని."

కాసేపు అటు నుంచి మాట లేదు. అత్తకి చాదస్తం ముదిరిందనుకుని ఉంటుంది.

ఆ చాదస్తం మా అమ్మమ్మది. పెళ్లిళ్లలో కొత్త కోడలు కాళ్లకి దణ్ణం పెట్టి లేవగానే ఆవిడ చెయ్యి ముందు తల మీదికి, ఆ వెంటనే మెడలోకి వెళ్లేది. గొలుసుని రెండు వేళ్లతో లేపి, బొటనవేలితో వెనక్కి తిప్పి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి చూసేది. అంతసేపూ ఆ పిల్ల ఊపిరి బిగబట్టుకుని నిలబడాల్సిందే. పక్కనున్న నాకు తల కొట్టేసినట్టుండేది. ఒకసారి ఇంటికొచ్చాక అడిగేశాను, ముందు అంత అందంగా ఉంటే వెనక ఏం చూస్తావని. "ముందేముందే, రాళ్లేగా! పనంతా వెనకే ఉంటుంది" అంది.

ఆవిడ కాసులపేరులో ఒక కాసు రింగు తెగితే ఆచారి గారు ఇంటికే వచ్చి, వసారాలో కుంపటి పెట్టుకుని అతికారు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఊదుగొట్టంతో ఆయన నిప్పు ఊదుతుంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. కమ్మచ్చులోంచి సన్నగా లాగిన తీగ, పటకారు కొసన ఒక చుట్టు తిరిగి రింగైపోయింది. పాత రింగులు గుండ్రంగా ఉంటే ఆయన చేసినది కాస్త కోలగా వచ్చింది. అమ్మమ్మ తిప్పి చూసింది, గుర్తుపట్టింది, ఏమీ అనకుండా మెడలో వేసుకుంది.

ఆవిడ మాట నాకు అర్థం కావడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. కొంత డబ్బు కూడా పోయింది. ఒక పెద్ద దుకాణంలో నక్షీ హారం కొన్నాను. లక్ష్మీదేవి, రెండు పక్కలా ఏనుగులు, చుట్టూ చిలకలు. చేతి పని అన్నారు, దానికి తగ్గట్టే మజూరీ, తరుగు వేశారు. ఏడాది తిరక్కుండానే కొండి వదులైతే మా వీధి చివర కొట్లో ఇచ్చాను. అక్కడి ఆచారి గారు కొండి సంగతి వదిలేసి హారాన్ని బోర్లా వేశారు. "చిలకలన్నీ కవలపిల్లలమ్మా" అన్నారు.

నక్షీ అంటే రేకుని లక్క మీద పరిచి వెనక నుంచి ఉలితో పొడుచుకుంటూ పోవాలట. దేవి బుగ్గ ముందుకి ఉబ్బాలంటే వెనక గుంట పడాలి. ఆ తర్వాతే మళ్లీ ముందుకి తిప్పి కన్నూ ముక్కూ చెక్కుతారు. అందుకే నిజమైన నక్షీ పనిని వెనక్కి తిప్పితే ఉలి దెబ్బలు వరసగా కనిపిస్తాయి. ఏ రెండు చిలకలూ ఒక్కలా ఉండవు, ఒకదాని ముక్కు కాస్త పక్కకి పోతుంది. నా హారంలో చిలకలు మైనపు అచ్చుతో పోత పోసినవి. ఒకదాని రెక్క మీద ఉన్న చిన్న మొటిమ అన్నింటికీ అక్కడే ఉంది. పోత పని తప్పని నేననను. తక్కువ మజూరీలో చక్కటి నగ వస్తుంది. ఉప్మా పెట్టి పెసరట్టు బిల్లు వేస్తేనే కడుపు మండుతుంది.

ఇక్కడ హాల్‌మార్కు కూడా ఆదుకోదు. 916 అంటే నూటికి 91.6 పాళ్లు బంగారమని, 22 కేరెట్లని. 2021 నుంచి అక్షరాలూ అంకెలూ కలిపి ఆరింటితో ఒక్కో నగకి ఒక్కో గుర్తు కూడా వేస్తున్నారు, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. ఆ ముద్రలు లోహం సంగతి చెబుతాయి, చెయ్యి సంగతి చెప్పవు. పైగా కుందన్, పోల్కీ, జడావు నగలకి ఆ ముద్ర తప్పనిసరి కాదు. అక్కడ మన కన్నే గీటురాయి.

కుందనమంటేనే మేలిమి. మేలిమి బంగారాన్ని పల్చటి రేకులుగా సాగగొట్టి, రాయికీ దాని గూటికీ మధ్య సందులో కూరి, నొక్కి నొక్కి బిగిస్తారు. రాయి చుట్టూ టంకం ఉండదు. ఆ బంగారం ఎంత మెత్తనంటే ఒత్తిడికే ఒకదానికొకటి అతుక్కుపోతుంది. గూడు లోపల లక్క, రాయి కింద తళుకు రేకు. మనం రాయి మెరుస్తోందనుకునే మెరుపులో సగం ఆ రేకుదే. గాజుల్ని కడిగినట్టు దీన్ని కుంకుడు రసంలో ముంచారో, నీరు లోపలికి దిగి రాయి గుడ్డిదైపోతుంది. తూకంలో లక్కా రాళ్లూ కూడా కూర్చుంటాయి కాబట్టి నికరంగా బంగారమెంతో బిల్లులో విడిగా రాయించుకోవాలి. ఈ పనిలో మంచి రకం నగలకి వెనక మీనా ఉంటుంది. ముందు రాళ్లు, వెనక రంగుల పూలు.

2019లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో నిజాం నగలు ప్రదర్శనకి పెట్టినప్పుడు ప్రత్యేకం ఆ పని మీదే వెళ్లాను. కేంద్ర ప్రభుత్వం 1995లో 218 కోట్లకి కొన్న 173 నగలు. జనమంతా జేకబ్ వజ్రం ముందే ఉన్నారు. 184.75 కేరెట్ల రాయి, ఆరో నిజాం కొన్నది. ఏడో నిజాం దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడుకున్నాడని చెబుతారు. నిమిషం సేపు చూశాక నాకూ అది పేపర్‌వెయిట్‌లాగే కనిపించింది. ఆయన్ని తప్పుపట్టలేకపోయాను. నేను మాత్రం తలపాగా నగల దగ్గర మెడ వంచి, అద్దానికి చెంప ఆనించి, వెనక వైపు మీనా పని ఏ కోణంలోనైనా కనిపిస్తుందేమోనని తంటాలు పడ్డాను. అక్కడి గార్డు రెండుసార్లు వచ్చి నన్ను చూసి వెళ్లాడు.

ఇదంతా పనితనం ముచ్చట. నగ వెనక చూడమనడానికి నాకున్న అసలు కారణం చీర. ముందు వైపు చూసేవాళ్లకి పోతుంది. చీరకి దక్కేది వెనక వైపే. ఒకసారి ఉప్పాడ జాందానీ కట్టుకుని గుట్టపూసల హారం వేసుకున్నాను. ఎక్కడో ముత్యాన్ని కట్టిన తీగ కొస ఒకటి లేచి ఉంది. బంతిలో వంగి మంచినీళ్ల గ్లాసు అందుకుని లేచేసరికి పోగు పట్టేసి గుండెల మీద అడ్డంగా గీత పడింది. అంత సన్నటి నేత మళ్లీ సర్దుకోదు. అప్పటి నుంచి నగ తీయగానే దాని వెనక వైపుని ఒక పాత పట్టు ముక్క మీద మెల్లగా రాస్తాను. ఎక్కడైనా పట్టుకుంటే ఆ రోజుకి అది గద్వాల అంచు మీదికో, దిట్టమైన ధర్మవరం మీదికో వెళుతుంది.

రంగు కుదిరిందా లేదా అని అందరూ అడుగుతారు, బరువు కుదిరిందా అని ఎవరూ అడగరు. ఆర్గాంజా మీద ముప్పై గ్రాములు దాటిన హారం వేస్తే కుచ్చిళ్లు కిందికి, భుజం పక్కకి, మనసంతా పిన్నీసు మీదికి పోతాయి. నిజాం అంచు మంగళగిరి నూలు చీరకి అంత ఖరీదుండదు గానీ, దాని మీద కాసులపేరు పడుకున్నట్టు పట్టు మీద కూడా పడుకోదని నా నమ్మకం. నూలు జారదు. కాసులు ఎక్కడివక్కడే ఉంటాయి.

బరువు మోయడం కూడా డిజైనులో భాగమే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక జత బంగారు చెవి నగలున్నాయి. క్రీస్తు పూర్వం 1వ శతాబ్దానివి, బహుశా మన ఆంధ్ర ప్రాంతంలో చేసినవంటారు. మొగ్గల్లాంటి ఆకారాల మీద ఏనుగులు, రెక్కల సింహాలు, బంగారు గుళికలతో, తీగ ముక్కలతో చేసిన పని. జత అన్నమాటే గానీ రెండూ అచ్చంగా ఒకటి కావు. అవి పెట్టుకుంటే చెవి తమ్మె సాగి నగ భుజం మీద ఆనాల్సిందే. జగ్గయ్యపేట స్తూపం శిల్పాల్లో చక్రవర్తి చెవులకి అలాంటివే ఉన్నాయి. ఆ రోజుల్లో భుజం మోసింది, మన అమ్మమ్మల నాటికి జుట్టు మోసింది. బుట్టకమ్మ బరువుని చెవి మీద నుంచి తీసి తల మీద పెట్టే మాటీ ఎవరి ఆలోచనో గానీ, వాళ్లకి దణ్ణం పెట్టాలి. ఇప్పుడు మాటీలు మళ్లీ వచ్చాయి. కొందరు గోరంత దుద్దుకి కూడా తగిలిస్తున్నారు. మోయడానికి ఏమీ లేని మాటీని చూస్తే, నీళ్లు లేని ఏటి మీద వంతెనలా అనిపిస్తుంది నాకు.

ఇంకొకటి. నగలన్నీ రెండు పక్కలా సమానంగా చేస్తారు, మనం కట్టే చీర ఒంటిపక్కది. పమిట ఎడమ భుజం మీదికి వెళ్లగానే హారంలో ఒక పక్క, వడ్డాణంలో ఒక పక్క, ఎడమ చేతి వంకీ దాని కిందికి పోతాయి. మూడు పేటల హారం కొన్నవాళ్లు నిజానికి పేటన్నరే చూపిస్తున్నారు. అందుకని పమిట ఒంటి పొరగా వదిలేసుకునే రోజున నేను మెడ ఖాళీగా ఉంచి కుడి చేతికి దండకడియం ఒక్కటే పెడతాను. మెడకి పట్టెడ బిగిస్తే కింద హారం వద్దు, పడవ మెడ జాకెట్టు అయితే పట్టెడ కూడా వద్దు. గుడ్డ అంచూ నగ అంచూ ఒకే గట్టు మీద తగువులాడుకుంటాయి.

రామప్ప గుడి మదనికల్ని ఈ కంటితో చూడండి. 1213 నాటి గుడి. శిల్పి హారం పూస పూసా చెక్కాడు, మొలనూలు కుచ్చులు వేలాడదీశాడు, మధ్యలో ఒంటిని మాత్రం నున్నగా వదిలేశాడు. ఆ నల్లరాతి నునుపు లేకపోతే హారం కంటికి ఆనేది కాదు. ఇప్పటి పెళ్లికూతుర్ని కూర్చోబెట్టి చూస్తే నునుపు ఎక్కడా దొరకదు. కంటె కింద పట్టెడ, దాని కింద అడ్డిగ, దాని కింద కాసులపేరు, అన్నింటి కింద జాకెట్టు నిండా మగ్గం వర్కు. ఆ వర్కులోనూ మళ్లీ నెమళ్లే.

అయినా మనవాళ్లు వెనక వైపుని మరిచిపోయిన జాతేం కాదు. జడ చూడండి. నాగరం, జడబిళ్లలు, చివర కుచ్చులు. పెట్టుకున్న మనిషి తన కంటితో చూసుకోలేని నగ అది. పెళ్లిపీటల మీద ఆ పిల్ల తల వంచుకుని కూర్చుంటే వెనక వరసల్లో కూర్చున్న ముసలమ్మలకి కనిపించేది జడే. ఈ మధ్య ఒక పెళ్లిలో పెళ్లికూతురి జడబిళ్లలు అద్దెవి, ఫోటోలన్నీ ముందు నుంచే తీశారు, పీటల మీదికి వచ్చేసరికి రెండు బిళ్లలు తలకిందులై ఉన్నాయి. ఎవరూ సర్దలేదు. నేను లేచి వెళ్లి సర్దాను.

సెట్లంటే నాకు పడదు. హారంలో ఉన్న నెమలే చెవికి, వేలికి, గాజుకి కూడా ఉండాలనడం ఏమిటో. పగడాల పేరు వెంకటగిరి తెల్లచీర మీద వేసుకుని చెవులకి ఉత్త ముత్యం పెట్టుకుంటే చాలు. బంగారమే కానక్కర్లేదు కూడా. మచిలీపట్నం పక్కన చిలకలపూడిలో చేసే రోల్డ్‌గోల్డ్ నగల్లో వెనక వైపు కూడా నున్నగా తీర్చినవి చూశాను, వాటి ముందు నా కవల చిలకల హారం చిన్నబోతుంది.

ఆ రాత్రి మా పిల్ల చివరికి హారం తిప్పింది. వెనక శుభ్రంగానే ఉంది, రింగులన్నీ నున్నగా మూసుకున్నాయి. కానీ ఆ చిలకపచ్చది ఆర్గాంజా. "వద్దే, చీర కుంగిపోతుంది" అన్నాను. మూలన మడతపెట్టి ఉన్న మిరపపండు రంగు మంగళగిరి చీర చూపించి, దాని మీద కాసులపేరు ఒక్కటే వేసుకోమన్నాను. అమ్మమ్మదే. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు దాని చేతిలో పెట్టాను, రింగు సంగతి మాత్రం చెప్పలేదు.

"పెళ్లికి నూలు చీరా అత్తా?" అని మొహం చిట్లించి ఫోను పెట్టేసింది.

నాలుగు రోజుల తర్వాత తెల్లారి లేచి చూస్తే ఫోటో ఒకటి వచ్చి ఉంది. చీరా లేదు, తనూ లేదు. తెల్లటి తువ్వాలు మీద కాసులపేరు బోర్లా పరిచి ఉంది. కింద ఒక్క వాక్యం: "అత్తా, ఎడమ నుంచి తొమ్మిదో కాసు రింగు కోలగా ఉందేంటి, ఎవరు చేశారు?"