త్రిభుజం వెనుక పనితనం

కంప్యూటర్‌లో సర్క్యూట్లు గీసేవారికి కైక్యాడ్ బాగా తెలిసిన పేరు. ఫ్రాన్స్‌లో జాన్-పియర్ షరా 1992లో మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాటు పెద్ద సింబల్ లైబ్రరీ కూడా వస్తుంది. అందులోంచి ఎల్ఎం358 అనే ఆప్ ఆంప్ (ఆపరేషనల్ ఆంప్లిఫైయర్) చిప్ సింబల్‌ను తీసుకుని గీత గీతా పరిశీలిద్దాం. పైకి కనిపించేది ఒక త్రిభుజం, దానికి మూడు పిన్లు. ఆ కాస్త బొమ్మలోనే ఏది కదలాలి, ఏది కదలకూడదు అన్న లెక్క ఎంతో జాగ్రత్తగా ఇమిడి ఉంది.

ముందు చిప్ సంగతి. ఎనిమిది కాళ్ల ఈ చిప్‌లో రెండు ఆంప్లిఫైయర్లు ఉంటాయి. మొదటిదానికి 1, 2, 3 పిన్లు, రెండోదానికి 5, 6, 7. మిగిలిన 4, 8 రెండింటికీ ఉమ్మడిగా కరెంటు అందిస్తాయి. మొత్తాన్నీ ఒకే పెట్టెగా గీసినా తప్పు కాదు. కానీ ఒక ఆంప్లిఫైయర్ మైకు దగ్గర, రెండోది ఫిల్టర్‌లో పనిచేస్తుంటే ఆ పెట్టె చుట్టూ తీగలు చిక్కుపడిపోతాయి, సిగ్నల్ ఎటు పోతోందో కంటికి ఆనదు. అందుకని సింబల్‌ను మూడు యూనిట్లుగా విడదీశారు. ఏ, బీ త్రిభుజాలు. సీలో పవర్ పిన్లు మాత్రమే. ఏ యూనిట్‌ను ఎక్కడ పెట్టుకున్నా యూ1ఏ, యూ1బీ, యూ1సీ అన్న గుర్తింపు వాటిని ఒకే చిప్‌గా కలిపి ఉంచుతుంది.

ఇక కొలతలు. పిన్ల కొసలన్నీ 2.54 మిల్లీమీటర్ల గ్రిడ్ మీదే పడతాయి. కొస గ్రిడ్ తప్పితే తీగ తగిలినట్టే కనిపించి తగలకుండా పోవచ్చు. త్రిభుజం నిలువు భుజం కేంద్రానికి 5.08 మి.మీ. ఎడమన ఉంది, మొన అంతే దూరంలో కుడిన ఉంది. పవర్ పిన్ల కొసలు కేంద్రానికి 2.54 ఎడమన, 7.62 పైన ఒకటి, కింద ఒకటి. వాటి పొడవు 3.81. ఈ అంకె ఎందుకో చూడండి: సరిగ్గా ఆ చోట త్రిభుజపు వాలు గీత కేంద్రం మట్టానికి 3.81 దూరంలోనే ఉంటుంది. సీ యూనిట్‌ను జరిపి ఏ మీద పెడితే రెండు పిన్లూ వాలు గీతల్ని ముట్టుకుని ఆగుతాయి, లోపలికి దూసుకుపోవు, ఖాళీ మిగల్చవు. పవర్ భాగాన్ని కెపాసిటర్లతో ఒక మూల విడిగా ఉంచాలనుకునేవారికీ, ఒకే ఆంప్లిఫైయర్‌గా కలిపి చూపాలనుకునేవారికీ అదే బొమ్మ సరిపోతుంది.

కంటికి కనబడని పని మరొకటి ఉంది. ప్రతి పిన్‌కూ దాని విద్యుత్ స్వభావం రాసి ఉంటుంది: ఇన్‌పుట్, అవుట్‌పుట్, పవర్ ఇన్‌పుట్. ఆ రాత ఆధారంగానే సాఫ్ట్‌వేర్ సర్క్యూట్‌ను తనిఖీ చేస్తుంది. రెండు అవుట్‌పుట్లు ఒకే తీగకు కలిసినా, పవర్ పిన్‌కు సరఫరా చూపకపోయినా హెచ్చరిస్తుంది. స్వభావం తప్పుగా రాస్తే బొమ్మ ఎంత అందంగా ఉన్నా తనిఖీ దారి తప్పుతుంది.

టీఎల్072, ఎన్ఈ5532 చిప్‌ల పిన్ల వరుస కూడా ఇదే. అలాంటివాటి కోసం త్రిభుజాన్ని మళ్లీ గీయనక్కర్లేదు. ఒక మూల సింబల్ గీసి, దాని నుంచి మిగతావాటిని పుట్టించవచ్చు. పేరు, వివరణ, డేటాషీట్ మాత్రం దేనివి దానికి ఉంటాయి. మూలంలో ఒక గీత సరిదిద్దితే ఆ కుటుంబమంతటికీ దిద్దుబాటు అందుతుంది. బోర్డు మీద కూర్చునే ఫుట్‌ప్రింట్‌నూ బిగించేయకుండా, పేర్లలో నక్షత్రపు గుర్తులు ఉంచి డీఐపీ, ఎస్ఓఐసీ లాంటి సరిపోయే రకాల్ని మాత్రమే ముందుకు తెస్తారు. ఎంపిక సర్క్యూట్ గీసేవారి చేతిలోనే ఉంటుంది.

పిన్ నంబరు, విద్యుత్ స్వభావం, గ్రిడ్ అన్న మూడింటినీ గట్టిగా బిగించారు గనుకనే చోటు, కూర్పు, ఫుట్‌ప్రింట్ స్వేచ్ఛగా మారగలుగుతున్నాయి. దాన్ని వాడే మనిషి సర్క్యూట్ ఎలా ఉంటుందో సింబల్ గీసినవారికి తెలియదు. తెలియని ఆ మనిషి అవసరాన్ని ముందే ఊహించి 3.81 దగ్గర పిన్‌ను ఆపడమే ఈ పనిలోని గొప్పతనం.